తాడు వదలని సముద్రం

నీళ్లలోకి దిగే మనిషికి రెండు తాళ్లు. ఒకదాని కొసన బరువైన రాయి. దాని మీద కాలు మోపి ఊపిరి బిగబడితే క్షణాల్లో అడుగుకు చేరుస్తుంది. రెండోది తిరిగి రావడానికి. ముక్కుకు తాబేటి చిప్పతోనో ఎముకతోనో చేసిన క్లిప్పు, వేళ్లకు తోలు తొడుగులు, మెడలో వల బుట్ట. లోపల ఉండేది ఒక నిమిషం, మహా అయితే నిమిషమున్నర. చేతికందిన ఆల్చిప్పలన్నీ బుట్టలో వేసుకుని రెండో తాడును ఒక్క గుంజు గుంజుతాడు. పడవ అంచున నిలబడిన మనిషి ఆ గుంజు చేతికి తగలగానే లాగడం మొదలుపెడతాడు. అతన్ని సైబ్ అంటారు. అతను ఒక్క క్షణం పక్కకు తిరిగి కబుర్లలో పడితే కింద ఒక ప్రాణం పోతుంది.

సౌదీ అరేబియా తూర్పు తీరాన, ఖతీఫ్‌ను ఆనుకుని తారూత్ అనే చిన్న ద్వీపం ఉంది. అందులోనిదే దారిన్ రేవు. ఇప్పుడు దమ్మామ్ నుంచి కారులో వెళ్లిరావచ్చు. 1915 డిసెంబరు 26న ఇబ్న్ సౌద్‌కూ బ్రిటిష్ వాళ్లకూ ఒడంబడిక కుదిరింది ఇక్కడే. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు దారిన్ ఒప్పందం. అయితే గల్ఫ్ జనానికి ఈ ఊరి పేరు తెలిసింది సంతకాల వల్ల కంటే ముత్యాల వల్లే.

ఇంట్లో చేసుకుని రిమోట్‌తో నడిపే బుల్లి జలాంతర్గామి గురించి చెప్పబోతూ దారిన్ దగ్గర మొదలుపెట్టడం వింతగా ఉండొచ్చు. కానీ ఆ బొమ్మ చేసేవాళ్లను అన్నిటికంటే ఏడిపించే సమస్య ఈ పడవ మీదే ఉంది. పైనున్నవాడు కిందున్నవాడితో మాట్లాడేదెలా? సౌదీకి రెండు వైపులా ఉన్న సముద్రాలు ఈ ప్రశ్న వేసినంత కటువుగా లోకంలో చాలా సముద్రాలు వేయవు.

ముత్యాల వేట జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నాలుగు నెలలు. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారి లోరిమర్ కూర్చిన గెజిటీర్ లెక్కలో గల్ఫ్ మొత్తం మీద దాదాపు 4,500 పడవలు, 74 వేల మంది మనుషులు ఈ పనిలో ఉన్నారు. పడవ పెద్దను నఖూదా అనేవారు, మన గోదావరి లాంచీ సరంగుకు అన్నయ్య లాంటివాడు. పాట కోసమే ఒక మనిషి ఉండేవాడు, అతను నహ్హామ్. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు అతను ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. హైలెస్సా అనడానికి జీతగాణ్ణి పెట్టుకోవడమన్నమాట.

డబ్బు సంగతి మాత్రం పాటంత హాయిగా లేదు. సీజనుకు ముందే నఖూదా దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. వేట బాగా సాగకపోతే బాకీ వచ్చే ఏటికి ఎక్కుతుంది. తండ్రి పోతే కొడుకు నెత్తిన పడుతుంది. పాలమూరు వలస కూలీ మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, గల్ఫ్ వీసా కోసం కరీంనగర్ కుర్రాడు ఏజెంటుకు కట్టిన అప్పు తెలిసినవాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ముత్యాలు ఎక్కడికి పోయేవి? ఎక్కువ భాగం బొంబాయికి. అక్కడ రంధ్రాలు పడి, సైజుల వారీగా జల్లెడ పట్టి, తూకం వేసి, లోకమంతటికీ వెళ్లేవి. అందులో ఒక దారి హైదరాబాదుకు. పత్తర్‌గట్టి దుకాణాల్లో పాతతరం వ్యాపారులు ఇప్పటికీ గొప్పగా చెప్పే బస్రా ముత్యాలు బస్రాలో పుట్టినవి కావు. గల్ఫ్ నీళ్లలో, ఖతీఫ్, బహ్రెయిన్ మనుషుల ఊపిరి మీద పైకి వచ్చినవి. అమ్ముడుపోయిన బజారు పేరు వాటికి అంటుకుంది. నిజాం దగ్గరున్న ముత్యాలతో ఈతకొలను నింపొచ్చని హైదరాబాదులో ఒక కథ చెప్పుకునేవారు. కథ సంగతేమో గానీ, ఈతకొలను మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఈ వ్యాపారాన్ని కూల్చినవాడు జపాన్‌లో నూడుల్స్ దుకాణం వాళ్లబ్బాయి. మికిమోతో కోకిచి 1893లో ఆల్చిప్పలో మనిషి చేత్తో ముత్యం పండించాడు. తొలి పంట అరముత్యాలే. గుండ్రని సాగు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తింది 1920లలో. ఆ వెంటనే 1929 మాంద్యం. దెబ్బ ఎంత గట్టిదో చెప్పడానికి న్యూయార్క్ ఉదాహరణ ఒకటి చాలు. 1917లో కార్టియే నగల సంస్థ రెండు పేటల ముత్యాల హారం ఇచ్చి ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవనమే తీసుకుంది. అప్పుడు ఆ హారం విలువ పది లక్షల డాలర్లు. 1957లో అదే హారం వేలంలో పలికింది లక్షన్నర డాలర్లకు కాస్త అటూఇటూ. భవనం మాత్రం కార్టియే చేతిలోనే ఉంది.

గల్ఫ్ తీరంలో పడవలు ఒడ్డున ఎండిపోయాయి. అదే కాలంలో, 1933లో, కాలిఫోర్నియా చమురు కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలు జుబైల్ రేవులో దిగారు. 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. ముత్యాల పడవల మీద పనిచేసిన చాలామంది అక్కడ కూలికి కుదిరారు. 1951లో సముద్రం అడుగున సఫానియా క్షేత్రం దొరికింది. సముద్రంలోని చమురు క్షేత్రాల్లో లోకంలో దానికంటే పెద్దది లేదు. చమురు దొరికాక పైపులు, పైపులు వేశాక వాటిని చూసుకునేవాళ్లు కావాలి. అంటే మళ్లీ ఎవరో ఒకరు నీళ్లలోకి దిగాలి.

*

జలాంతర్గామి మోజుకు మూలపురుషుణ్ణి వెతికితే ఒక భారతీయుడు దొరుకుతాడు, కల్పిత పాత్రే అయినా. 1870లో వచ్చిన జూల్ వెర్న్ నవలలో నాటిలస్ నౌక నడిపే కెప్టెన్ నీమో అసలు బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్ అని ఆ తర్వాతి నవలలో బయటపడుతుంది. సింహళం దగ్గర ముత్యాల కోసం దిగిన ఒక భారతీయుణ్ణి సొరచేప నుంచి కాపాడి, నీమో అతని చేతిలో ముత్యాల సంచి పెడతాడు. ఆ తర్వాత నౌక ఎర్ర సముద్రంలోకి వచ్చి, సూయెజ్ కింద ఉన్న రహస్య సొరంగంలోంచి మధ్యధరాలోకి దూసుకుపోతుంది. ఇంట్లో జలాంతర్గాములు చేసేవాళ్లలో నాటిలస్ చేయాలన్న ఆశ లేనివాళ్లు తక్కువ. 1954 డిస్నీ సినిమాలో దానికి ఇచ్చిన ముళ్ల చేప ఆకారమైతే మరీ.

రిమోట్ సంగతి 1898లో తేలింది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికొలా టెస్లా ఒక నీటి తొట్టిలో నాలుగడుగుల ఇనుప పడవను తీగలేమీ లేకుండా నడిపించాడు. చూసేవాళ్లకు మతిపోయింది. లోపల కోతిని దాచాడని కొందరు అనుకున్నారని చెబుతారు. ఆ ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది, నంబరు 613,809. అంతటితో ఆగలేదు. పడవ పూర్తిగా మునిగినా పని చేసేలా, ఏరియల్ తీగను పడవ లోపలే చుట్టలుగా చుట్టి ఇంకా పెద్దదాన్ని కట్టానని 1919లో రాసుకున్నాడు. అంటే రేడియోతో నడిచే పడవకూ, రేడియోతో నడిచే జలాంతర్గామి ఆలోచనకూ మధ్య ఎడం పెద్దగా లేదు. ఆలోచన అంత తొందరగా వచ్చినా, మామూలు మనిషి ఇంట్లో అది తయారు కావడానికి మాత్రం అరవై డెబ్బై ఏళ్లు పట్టింది.

మధ్యలో పిల్లల కోసం కీ ఇస్తే మునిగే జర్మన్ రేకు బొమ్మలు వచ్చాయి. 1954లో కెలాగ్ కంపెనీ కార్న్‌ఫ్లేక్స్ డబ్బాతో బేకింగ్ పౌడరు పోస్తే మునిగి తేలే ప్లాస్టిక్ జలాంతర్గామి ఇచ్చింది. 1961లో రెవెల్ కంపెనీ అమెరికా పొలారిస్ క్షిపణి జలాంతర్గామి కిట్ అమ్మకానికి పెడితే అక్కడి నౌకాదళ అడ్మిరల్ రికోవర్ మండిపడ్డాడు. 2 డాలర్ల 98 సెంట్లకు రష్యావాడికి లోపలి గదుల అమరిక అంతా చెప్పేశారని ఆయన గొడవ. బొమ్మలు చేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏ అడ్మిరలూ ఇవ్వలేదు.

ట్రాన్సిస్టర్లు, చేతి కదలికకు తగ్గట్టు చుక్కాని తిప్పే ప్రపోర్షనల్ రేడియో సెట్లు అందుబాటులోకి వచ్చాక అసలు ఆట మొదలైంది. జర్మనీ, బ్రిటన్, అమెరికాల్లో చెరువుల దగ్గర మనుషులు గుమిగూడడం, వాళ్లకు సంఘాలు, వాటికి పత్రికలు. సౌదీ నౌకాదళానికే జలాంతర్గాములు లేవు. అక్కడి కుర్రాడు తన బుల్లి నౌకకు నమూనా కావాలంటే పొరుగు దేశాల వైపే చూడాలి. తెలుగువాళ్లకు ఆ చిక్కు లేదు. విశాఖ ఆర్కే బీచిలో అసలుదే ఒడ్డున కూర్చుని ఉంది.

దాన్నే తీసుకుందాం. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్ల పైచిలుకు. నీటి మీద తేలేటప్పుడు సుమారు 1,950 టన్నులు, మునిగాక 2,475 టన్నులు. 72వ వంతు కొలతలో చేస్తే పొడవు 1 మీటరు 27 సెంటీమీటర్లు. బరువు మాత్రం 72వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 72ను మూడుసార్లు హెచ్చవేసి దానితో భాగించాలి, 3,73,248తో. తేలేటప్పుడు 5 కిలోల 200 గ్రాములు, మునిగితే 6 కిలోల 600. తేడా కిలో 400 గ్రాములు. లెక్క ప్రకారం అంత నీళ్లు తాగితేనే బొమ్మ కుర్సురా మునగాలి.

అంత పెద్ద ట్యాంకు పెడితే బ్యాటరీకీ మోటారుకూ చోటేదీ? పనివాళ్లు ఒక ఉపాయం పట్టారు. పైకి కనిపించే ఫైబర్ ఒళ్లు ఉత్త తొడుగు. దానికి అడుగునా పైనా రంధ్రాలు పెడితే నీళ్లు వాటంతట అవే వచ్చిపోతాయి. నీరు చొరకూడనిది లోపలుండే గొట్టం ఒక్కటే. యాక్రిలిక్ గొట్టమో, ప్లంబింగ్ దుకాణంలో దొరికే పీవీసీ గొట్టమో. రెండు కొసలకూ మూతలు, మూతలకు రబ్బరు రింగులు. కుక్కర్ గాస్కెట్ ఏ పని చేస్తుందో అదే పని. ఇలా చేస్తే ట్యాంకు తాగాల్సింది కొన్ని వందల మిల్లీలీటర్లే. పెద్ద సిరంజీని చిన్న మోటారుతో లాగించి ఆ పని చేయించుకునేవాళ్లు చాలామంది.

బావిలో బిందె ముంచిన ప్రతి ఆడబిడ్డకూ ఇందులో సగం తెలుసు. బోర్లించిన బిందె ఎంత నొక్కినా మునగదు. పక్కకు వాల్చి నీళ్లు పట్టనిస్తే బుడుంగుమంటుంది. సిరంజీతో నీళ్లు తాగి మునగడం ఈ రెండో పద్ధతి. మొదటి పద్ధతీ ఉంది. నౌక ఎప్పుడూ తేలేలాగే ఉంటుంది, మోటారు వేగంగా తిప్పి, పక్క రెక్కలను కిందికి వంచి బలవంతంగా నీళ్లలోకి తోస్తారు. మోటారు ఆగితే దానంతటది తేలుతుంది. చవక, ప్రమాదం తక్కువ. అయితే నిలబడి చూడాలంటే కుదరదు, పరిగెత్తుతూనే ఉండాలి. పట్టు ఉన్నవాళ్లు దీన్ని కొంచెం చిన్నచూపు చూస్తారు, అది అన్యాయం.

బరువులు సరిచూడటమే అసలు తపస్సు. అడుగున చేపల వలకు కట్టే సీసపు గుండ్లు, పైన థర్మోకోల్ లాంటి నురగ ముక్కలు. పల్లెలో ఈత నేర్చుకునే పిల్లవాడి వీపుకు సొరకాయ బుర్ర కట్టినట్టే. ఎక్కడ కట్టామన్నది ముఖ్యం. ఒక అంగుళం ముందుకు జరిగితే ముక్కు కిందికి దిగి నౌక అడుగుకు పొడుచుకుంటుంది. ప్రొపెల్లరు ఇరుసు బయటికి వచ్చే చోట గ్రీజు పెట్టిన చిన్న గొట్టం. ఊరికే మూత తీసి స్విచ్ వేయనక్కర్లేకుండా బయట నుంచి అయస్కాంతం ఆనిస్తే అంటుకునే స్విచ్. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఫెయిల్‌సేఫ్. రేడియో సంకేతం కొన్ని క్షణాలు అందకపోతే సిరంజీ తనంతట తానే నీళ్లు కక్కేసి నౌకను పైకి తేవాలి. అనుభవం ఉన్నవాళ్లు మిగతావన్నీ కట్టకముందే దీన్ని పరీక్షిస్తారు.

*

ఇక్కడే సౌదీ సముద్రం అడ్డు పడుతుంది.

ఖోబర్ కార్నిష్ ఒడ్డున నిలబడి ఒక మంచి బొమ్మ జలాంతర్గామిని నీళ్లలోకి వదిలారనుకోండి. పైన తేలుతున్నంతసేపూ చెప్పినమాట వింటుంది. మునగమనండి, మునుగుతుంది. ఏరియల్ జానెడు లోతు దాటగానే చెవిటిదైపోతుంది. ఫెయిల్‌సేఫ్ ఉంటే కాసేపటికి తిరిగొస్తుంది, లేకపోతే ఏ చేపకో ఇల్లవుతుంది.

ఉప్పు నీరు కరెంటును బాగా మోస్తుంది, అందుకే రేడియో తరంగాన్ని మింగేస్తుంది. మంచినీళ్లలో 40 మెగాహెర్ట్జ్ సంకేతం రెండు మూడు మీటర్లు సులువుగా దిగుతుంది. అదే సంకేతం సముద్రపు నీళ్లలో ప్రతి 4 సెంటీమీటర్లకూ మూడో వంతుకు పడిపోతుంది. అరచేయి వెడల్పు లోతుకు పదో వంతు మిగలడమే గగనం. ఎర్ర సముద్రంలో, గల్ఫ్‌లో కిలో నీటికి ఉప్పు 40 గ్రాముల దాకా ఉంటుంది. లోకంలో మామూలు సముద్రాల సగటు 35. సముద్రంలోకి నీళ్లు మోసుకొచ్చే నది ఒక్కటీ సౌదీలో లేదు, ఎండకు ఆవిరయ్యేదే తప్ప కలిసేది లేదు. పైపెచ్చు ఉప్పునీరు బరువు కూడా. కొలనులో తూచినట్టు కుదిరిన నౌకను ఇక్కడ ముంచాలంటే ఇంకో వంద గ్రాములకు పైగా సీసం కట్టాలి.

మంచినీళ్లయితే ఏ రిమోటైనా సరేనా అంటే అదీ కాదు. ఇప్పుడు బజారులో దొరికేవి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు. అది మైక్రోవేవ్ ఓవెన్ వాడే తరంగమే. నీళ్లు దాన్ని ఎంత ఇష్టంగా మింగుతాయో పాలు వేడి చేసుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. విమానాలు, కార్లు నడిపేవాళ్లకు ఆ సెట్లు వరం. జలాంతర్గాములు నడిపేవాళ్లు మాత్రం 27, 40, 75 మెగాహెర్ట్జ్ పాత సెట్ల కోసం పాత సామాను దుకాణాలు గాలిస్తున్నారు. సాంకేతికత ముందుకు పోయేకొద్దీ వెనక్కి నడవాల్సిన వినోదం ఇదొక్కటేనేమో.

కాబట్టి సౌదీలో బొమ్మ జలాంతర్గామికి సొంత ఇల్లు సముద్రం కాదు, ఈతకొలను. ఆ కొలనులో నీళ్లు ఎక్కడివంటే మళ్లీ సముద్రానివే. 1907లో, ఒట్టోమాన్‌ల కాలంలో, జెద్దాలో ఉప్పునీటిని మరగబెట్టి ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు చేసే యంత్రం పెట్టారు. కండెన్సర్ అన్న మాట అరబ్బుల నాలుక మీద కిందాసా అయింది. 1928లో అబ్దులజీజ్ రాజు, అంటే దారిన్ ఒప్పందపు ఇబ్న్ సౌదే, ఇంకొన్ని యంత్రాలు తెప్పించాడు. ఇవాళ ఉప్పు తీసిన నీటి ఉత్పత్తిలో సౌదీ ప్రపంచంలోనే మొదటిది. గల్ఫ్ ఒడ్డున జుబైల్, రాస్ అల్ ఖైర్ ప్లాంట్ల నుంచి వచ్చే నీళ్లే వందల కిలోమీటర్ల అవతల రియాద్ కుళాయిల్లోకి చేరతాయి. సముద్రం తన ఉప్పు ఒడ్డునే వదిలి, కొలనులోకి వచ్చి కూర్చున్నాక రేడియో మాట వింటోంది.

*

మరి అసలు సముద్రంలోకి యంత్రాన్ని దింపాలంటే? తాడే కట్టాలి.

జెద్దాకు ఎదురు ఒడ్డున, సూడాన్ వైపు షాబ్ రూమీ పగడపు దిబ్బ దగ్గర 1963లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కుస్తో 10 మీటర్ల లోతున ఇల్లు కట్టి మనుషులను నెల రోజులు ఉంచాడు. పళ్లెం ఆకారంలో ఉన్న చిన్న జలాంతర్గామికి పక్కనే గ్యారేజీ కూడా కట్టాడు. గాలీ కరెంటూ పైన ఓడ నుంచి గొట్టాల్లో తీగల్లో దిగేవి. గ్యారేజీ గుల్ల ఇప్పటికీ అక్కడే ఉంది, చేపలు కాపురముంటున్నాయి.

జెద్దాకు ఉత్తరాన థువల్‌లో 2009లో మొదలైన కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం వాళ్లకు ఎర్ర సముద్రంలో మనిషి దిగలేని లోతుల్లోని పగడాలను నలపకుండా తాకి చూడాలనిపించింది. స్టాన్‌ఫర్డ్‌లో ఉసామా ఖతీబ్ బృందం కట్టిన ఓషన్‌వన్ అనే రోబోకు ఆ కోరికే మొదలు. దానికి రెండు చేతులు, రెండు కళ్లు. అది వేలితో తాకినదాన్ని ఓడ మీద కూర్చున్న మనిషి తన చేతిలో అనుభవించవచ్చు. 2016లో అది ఫ్రాన్సులో తూలోన్ దగ్గర, 1664లో మునిగిన లా లూన్ యుద్ధనౌక శిథిలంలోంచి ఒక పాత్రను పట్టుకొచ్చింది. లోతు దాదాపు 100 మీటర్లు. ఆ స్పర్శ పైకి వచ్చింది కేబుల్‌లోంచే.

మనకు ఎక్కువ దగ్గరి ఉదాహరణ దహ్రాన్‌లో ఉంది. గల్ఫ్ తీరంలో లోతు తక్కువ ఉన్న చోట్ల చమురు పైపుల దగ్గరకు పెద్ద ఓడలు రాలేవు. అక్కడ గజ ఈతగాళ్లే దిగి చూసేవాళ్లు. ఆ పని కోసం సౌదీ అరామ్‌కో ఇంజినీర్లు గత దశాబ్దంలో స్విమ్-ఆర్ అనే చిన్న రోబో తయారుచేశారు. నీళ్లలో ఈదుతుంది, అడుగున పాకుతుంది, పైపును పట్టుకుని లోహం ఎంత అరిగిందో శబ్ద తరంగాలతో కొలుస్తుంది. కార్పొరేట్ ప్రయోగశాలలో పుట్టినా, దాని ఒంట్లో ఉన్నవన్నీ ఇంట్లో బొమ్మ చేసుకునేవాడు గుర్తుపట్టే సామానే: నీరు చొరని డబ్బా, చిన్న మోటార్లు, తేలికకు నురగ, బరువుకు సీసం లాంటి దిమ్మలు. సఫానియా తీరంలో ఒకప్పుడు ఆల్చిప్పల కోసం మనిషి దిగిన లోతుల్లో ఇప్పుడు ఇలాంటి యంత్రాలు దిగుతున్నాయి.

నిజమైన జలాంతర్గాములకూ తాడు గోల తప్పలేదు. ఎంత తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే ఉప్పునీళ్లలోకి అంత లోతుకు దిగుతుంది. అందుకే నౌకాదళాలు కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర మాట్లాడతాయి. దానికి కిలోమీటర్ల కొద్దీ స్థలం, ఆకాశాన్నంటే స్తంభాలు కావాలి. భారత నౌకాదళానికి అలాంటి కేంద్రం తమిళనాడు తిరునెల్వేలిలో 1990 నుంచి ఉంది, పేరు ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. రెండోది సముద్రమే లేని తెలంగాణకు వచ్చింది. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాల్లో కట్టే కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. చెట్లు పోతాయని, మూసీ పుట్టిన చోటని పర్యావరణవాదులు అడ్డుచెప్పారు. ఆ అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అంత పెద్ద కేంద్రం కట్టినా సంకేతం దిగేది పదో పదిహేనో మీటర్లే. అంతకంటే కింద ఉండి వినాలంటే జలాంతర్గామి తన వెనక వందల మీటర్ల పొడవు తీగను పైకి తేలేలా వదిలి ఈడ్చుకుంటూ పోవాలి.

జుబైల్, దమ్మామ్, యాన్బులలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో వెల్డర్లు, ఫిట్టర్లు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు ఎందరో. గొట్టానికి నీరు చొరకుండా సీలు వేయడం, గాస్కెట్ సరిగ్గా కూర్చోబెట్టడం ఎవరూ వాళ్లకు నేర్పక్కర్లేదు. మీరు వాళ్లలో ఒకరై, పిల్లలతో కలిసి బుల్లి కుర్సురా కట్టాలనుకుంటే శ్రీకాకుళంలోనో నిజామాబాద్‌లోనో అటక మీద పడున్న పాత 27 మెగాహెర్ట్జ్ బొమ్మకారు రిమోట్‌ను పాతసామాన్లవాడికి వేయకండి. కట్టినదాన్ని సముద్రంలో కాకుండా కాంపౌండులోని ఈతకొలనులో వదలండి. మొదటిసారి దింపేటప్పుడు మాత్రం దాని తోకకు గాలం దారం కట్టి, కొస ఎవరో ఒకరి చేతికి ఇవ్వండి.